తపాలా పెట్టెలో పడిన జాబు అందినట్లేనా?

డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్‌లు 1974 జూలైలో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమును గూర్చి వ్రాసిన వ్యాసము నేటికిని చదువదగినది. ఒక ప్రక్రియ, అనగా నడుచుచున్న ప్రోగ్రాము, ‘ఫోర్క్’ ద్వారా తన ప్రతిరూపమునే ఎట్లు పుట్టించునో, ఆ తల్లీపిల్లల నడుమ ‘పైపు’ అను మార్గము ఎట్లు పనిచేయునో వారు కొద్ది వాక్యములలో తేటగా చెప్పిరి. ఆ పొదుపు మన పాఠ్యగ్రంథకర్తలు నేర్వదగినది. అయినను ఒక ప్రశ్నకు అందు సమాధానము దొరకదు: తల్లి పంపిన సందేశము పిల్లకు చేరినదా?

చంద్రశేఖరపురములో ఒక ఉపాధ్యాయుడు మార్కుల ప్రోగ్రాము వ్రాసెననుకొందము. తల్లి ప్రక్రియ మార్కులను తీసికొని పైపులో ‘రైట్’ చేయును. పిల్ల వాటిని చదివి ఫైలులో చేర్చును. ‘రైట్’ సఫలము కాగానే తల్లి ‘మార్కులు భద్రము’ అని తెరపై చూపును. ఆ క్షణముననే పిల్ల ఏదో లోపముచే ఆగిపోయినచో మార్కులు పోయినవి. ఉపాధ్యాయుడు మాత్రము నిశ్చింతగా ఇంటికి పోవును. ‘రైట్’ సఫలమైనదనగా బైట్లు కెర్నెల్ చేతికి చేరినవని మాత్రమే అర్థము. నేటి లైనక్స్‌లో పైపు సామాన్యముగా 65,536 బైట్లు పట్టును. ఎవరును చదువకయే అవి అందు పడియుండవచ్చును. ఊరి తపాలా పెట్టెలో జాబు వేసి, మార్కాపురములోని చుట్టమునకు అందినదని చెప్పుకొనుట వంటిదే ఇది.

‘వెయిట్’ ఉన్నది గదా అందురేమో. అది పిల్ల ఎట్లు ముగిసినదో చెప్పును గాని ఏ సందేశము ఏమైనదో చెప్పదు. 1983 నాటి 4.2 బీఎస్‌డీలో వచ్చిన ‘సెలెక్ట్’ వలన, చదువుటకు ఏమైనను వచ్చినదా అని ఆగిపోకుండ చూడవచ్చును. మేలే, కాని చూచునది మన పెట్టెను, ఎదుటివారి పెట్టెను కాదు. సిస్టమ్ ఫైవ్ వారి మెసేజ్ క్యూలో మిగిలిన సందేశముల లెక్క తెలియును. ఆ లెక్క సున్న అయినను, సందేశమును తీసికొనిరనియే గాని పని జరిగినదని కాదు.

కావలసినది రశీదు. ఒకప్పటి రిజిస్టరు జాబు వెంట పోయి సంతకముతో తిరిగివచ్చిన కార్డు వంటిది. అందుకు రెండవ పైపు వలయును. పిల్ల తన పని ముగించిన పిదపనే సందేశపు సంఖ్యను దాని ద్వారా తిరిగి పంపవలెను. (ఫైలునకు వ్రాయుటయు మొదట కెర్నెలునకు అప్పగించుటయే గనుక, ముందుగా ‘ఎఫ్‌సింక్’ పిలుచుట మంచిది.) తల్లి ఆ పైపును ఆగని పద్ధతిలో చదివినచో, సంఖ్య వచ్చిన పని అయినట్లు; ‘ఈఎగెయిన్’ అను దోషసంకేతము వచ్చిన రశీదు ఇంకను రానట్లు; సున్న వచ్చిన అవతలి కొన మూసికొనిపోయినట్లు. విద్యార్థులు తరచు చివరి రెంటిని ఒకటిగా భావింతురు. మరియొక చిక్కు: ఫోర్క్ తరువాత ఈ రశీదు పైపు యొక్క వ్రాయు కొన తల్లి వద్దను మిగిలియుండును. దానిని తల్లి మూయనిచో, పిల్ల పోయినను సున్న ఎన్నటికిని రాదు.

న్యాయముగా చెప్పవలెనన్న, ఒక ప్రోగ్రాము ఫలితమును మరియొకదానిలోనికి ప్రవహింపజేయుటకు పైపు చాలును. అక్కడ రశీదుతో పనిలేదు. పైపును ఉభయులకు పూర్వికమైన ప్రక్రియయే ఏర్పరుపవలెను గనుక అది సర్వసాధారణ సాధనము కాదని రచయితలే ఒప్పుకొనిరి. ఈ రెండవ కొరతను గూర్చియు అక్కడనే ఒక్క వాక్యము చేర్చియుండిన బాగుండెడిది.