పసుపు గుర్తు చదవగలిగినవాళ్లు

పాత లాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. అసలు పనితనం ఆ తర్వాతే బయటపడుతుంది. తెర మీద బొమ్మ సాగిపోతుంది, స్పీకర్ పలకదు, వైఫై గుర్తే కనిపించదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుల పక్కన 'అన్‌నోన్ డివైస్' అని మాత్రం ఉంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, చిన్న ఊరి బజారులోనైనా పని తెలిసిన మెకానిక్ అక్కడ ఊహించడు, చదువుతాడు. హార్డ్‌వేర్ ఐడీలో తయారీదారు కోడ్ 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. దాని వెనకున్న డివైస్ కోడ్ ఏ చిప్పో చెప్పేస్తుంది. ఒకే మోడల్ పేరుతో అమ్మిన రెండు లాప్‌టాప్‌లలో వేర్వేరు వైఫై కార్డులు ఉండటం మామూలే. అందుకే మూత మీది పేరును నమ్మకపోవడం ఈ పనిలో మొదటి తెలివి.

ఆ చిప్‌లకు డ్రైవర్లు వెతికి వేయడమంతా విండోస్ అప్‌డేటే చూసుకుంటుంది కదా అంటారు. చాలావరకు నిజమే. కానీ అప్‌డేట్‌కు నెట్ కావాలి, నెట్‌కు వైఫై డ్రైవర్ కావాలి. ఆ ముడి విప్పేది పెన్‌డ్రైవ్‌లో ముందే దాచుకున్న ఫైలో, యూఎస్‌బీ టెథరింగ్ పెట్టిన ఫోనో. అన్నీ ఒక్క నొక్కుతో వేస్తామనే డ్రైవర్ ప్యాక్‌లున్నాయి గానీ, అక్కర్లేని ప్రోగ్రాములను వెంటబెట్టుకొస్తాయన్న చెడ్డపేరూ వాటికుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 అర్హతలకు అందని యంత్రాన్ని లినక్స్‌కు మార్చినా, కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు అక్కడా ఫర్మ్‌వేర్ విడిగా వెతకాల్సిందే.