నిష్కవచ ధనుర్ధరుఁడు: స్కైరిమ్ క్రీడయందు రసౌచిత్య విచారము

వీరునకుఁ గవచము రక్షణమును భూషణమును గూడ. దానిని విడిచి రణమున నిలుచువాఁడు వీరుఁడా, యవివేకియా యనుట పాతప్రశ్న. కర్ణుఁడు సహజకవచమును గోసియిచ్చి దానవీరుఁడుగాఁ గీర్తి గాంచెను; ఆ దానమే యాతని చావునకుఁ ద్రోవయైనది. చెట్టుమాటున నిలిచి శత్రువు నేయుట ధర్మమా యను శంకయు వాలివధ ఘట్టమునుండి నేఁటివఱకుఁ దెగలేదు. కవచత్యాగము, ప్రచ్ఛన్నవధ యను నీ రెండును నొకే పాత్రయందుఁ గూడినచో రసౌచిత్య మెట్లుండునో పరీక్షించుట కనువైన కృతి యొకటి కలదు. అది కావ్యము గాదు, నాటకము గాదు. అమెరికాలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్ వారు నిర్మింపఁగా 2011 నవంబరు 11వ తేదీని వెలువడిన ‘స్కైరిమ్’ అను వీడియో క్రీడ. ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ అను పరంపరలో నిది యయిదవది.

ఈ క్రీడయందు నాయకుని వృత్తి ముందుగా నిర్ణయింపఁబడి యుండదు. ఖడ్గము, ధనుస్సు, మంత్రము, ఓషధీపాకము మొదలుగాఁ గల 18 విద్యలలో దేని నభ్యసించిన నదియే వృద్ధిఁ బొందును. కావున నాయకుని రూపించువాఁడు కర్త గాఁడు, క్రీడాకారుఁడే. అయినను, ఏ సంకల్పముతో నారంభించిన వారైనను దుదకు నీడలలోఁ బొంచి బాణములు వేయువారుగానే పరిణమింతురనుట క్రీడాకారులలోఁ బ్రసిద్ధమైన పరిహాసము. ఈ పరిణామము యాదృచ్ఛికము గాదు. దీని బీజము ప్రథమఘట్టమందే కలదు. హెల్గెన్ పట్టణము డ్రాగన్ నోటి యగ్నిచే దగ్ధమగుచుండ నాయకుఁడు భూగర్భమార్గమునఁ దప్పించుకొని పోవును. త్రోవలో నొక యెలుఁగుబంటి నిద్రించుచుండును. తోడివాఁడు తన విల్లు నాయకుని కిచ్చి, చప్పుడు చేయక ప్రక్కగాఁ బొమ్మనియో, దూరమునుండియే కొట్టుమనియో సూచించును. శత్రువు నెదుర్కొనుటకంటెఁ బొంచుటయే మేలను పాఠ మిట్లు తొలియడుగుననే బోధింపఁబడుచున్నది.

ప్రచ్ఛన్నవధకుఁ గర్తలు కట్టిన వెల గమనింపఁదగినది. కనఁబడకుండ వేసిన బాణము మామూలు దెబ్బకు 2 రెట్లు తగులును. స్నీక్ విద్యలో ‘డెడ్లీ ఎయిమ్’ అను విశేషమును సాధించినచో నది 3 రెట్లగును. అట్లే పొంచి, శత్రువు నూపిరి వినఁబడు దూరమునకుఁ జేరి పొడిచిన బాఁకు ‘అసాసిన్స్ బ్లేడ్’ అను విశేషముచే 15 రెట్లు తగులును. అనఁగాఁ గర్తలు సాహసమును బట్టి ఫలమును నిర్ణయించిరి. దగ్గఱ కేగువానికిఁ బెద్దపీట, దూరమున నిలుచువానికిఁ జిన్నపీట. అయినను లోకము చిన్నపీటనే కోరుకొన్నది. దూరమే యొక కవచము గనుక.

ఇచ్చటనే దోషము పుట్టుచున్నది. దూరమను కవచమునకుఁ దోడుగా నిజమైన కవచమును దొడిగినచో భయమునకుఁ దావు లేదు. కవచముచే దెబ్బలో 80 శాతమువఱకుఁ దగ్గించుకొనవచ్చును. తేలికకవచవిద్యలోని ‘అన్‌హిండర్డ్’ అను విశేషము లభించిన పిదప నా కవచమునకు బరువే లేదు. స్నీక్ విద్యలోని ‘మఫుల్డ్ మూవ్‌మెంట్’ దాని చప్పుడును సగము చేయును. ఇఁక శత్రువులా, బాణము తగిలిన పిదపఁ గొంతసేపు వెదకి, గాలి కాబోలు నని తమకుఁ దామే సమాధానము చెప్పుకొని మరల నిలువఁబడుదురు. ప్రక్కవాని శవము కాళ్లకడఁ బడియున్నను వారి కది గుఱుతుండదు. వెదకువాఁడు మఱచుటయు, దాఁగినవానికి దెబ్బ తగులకుండుటయుఁ గలిసి భయానకమును హాస్యముగా మార్చివేయుచున్నవి. వీరము పొంచుటచేఁ బోయినది. భయానకము కవచముచేఁ బోయినది. మిగిలినది లెక్క మాత్రమే.

కవచమును విసర్జించిన ధనుర్ధరుని స్థితి వేఱు. వానికి రహస్యము విలాసము గాదు, ప్రాణాధారము. హై హ్రోత్‌గార్ మఠమునకుఁ బోవు మెట్లదారిలో నెదురగు మంచు ట్రోల్ నుదాహరింపవచ్చును. ఆ మృగము గాయములు తమంతఁ దామే మానుచుండును. కవచధారి దాని యెదుట నిలిచి రెండు దెబ్బలు తిని నాలుగు వేయఁగలఁడు. నిష్కవచుఁడు వెనుకకుఁ దగ్గి యెక్కువసేపు దాఁగినచో వేసిన బాణములు వ్యర్థమగును. ముందునకు వచ్చినచో దాని చేతికిఁ జిక్కును. ప్రతి బాణమునకును ముందొక నిర్ణయము, వెనుక నొక పర్యవసానము గలుగును. సమాధులలోని డ్రౌగర్ ప్రేతములు లేచునో లేవవో యని యడుగు తీసి యడుగు వేయునపుడు చీఁకటి యలంకారము గాక యర్థవంతమగును. డ్రాగన్ ఘట్టములందు మఱొక విశేషము గలదు. డ్రాగన్ నోటి నిప్పును గవచము తగ్గింపఁజాలదు. ఆ యెదుట సకవచుఁడును నిష్కవచుఁడును సమానులే. తక్కినచోట్ల దుర్బలుఁడైనవాఁ డచ్చట నితరులతో సరిపోలుట కథలోఁ గలిగిన చక్కని సామ్యము.

దీని కొక యాక్షేపము రాఁగలదు. కవచత్యాగ మీ క్రీడలోఁ గర్త విధించిన నియమము గాదు. అది క్రీడాకారుని వ్రతము. ఆ వ్రతమువలనఁ గలిగిన రసము కృతికిఁ జెందునా? ఈ యాక్షేపమునకు బలము గలదు. 2002లో వెలువడిన పూర్వకృతి ‘మారోవిండ్’ నందలి 27 విద్యలలోఁ గవచరాహిత్యమే యొక విద్యగా నుండెను. అందును గొంత లోపము లేకపోలేదు: కవచఖండ మొక్కటియైనను ధరింపనిచో నా విద్య యేమియుఁ గాపాడదు! 2006 నాఁటి ‘అబ్లివియన్’లో విద్యలు 21 కాఁగా నది తొలఁగింపఁబడినది. స్కైరిమ్‌లో దాని జాడ మాంత్రికులకే మిగిలినది. కవచము లేనివాని రక్షామంత్రములకు ‘మేజ్ ఆర్మర్’ అను విశేషము బలము నిచ్చును. మంత్రము నెఱుఁగక వస్త్రమాత్రధారియై విల్లు పట్టినవానికిఁ గర్త లేమియు నొసఁగలేదు.

అయినను నియమము రసమునకు హేతువగుట యాంధ్రసాహిత్యమునకుఁ గ్రొత్త గాదు. పొన్నెగంటి తెలగనార్యుఁడు సంస్కృతమును విడిచి యచ్చతెనుఁగున యయాతిచరిత్రము రచించెను. మరింగంటి సింగరాచార్యులు ఓష్ఠ్యాక్షరములను విడిచి దశరథరాజనందనచరిత్రము రచించెను. వారు విడిచినవి కవికిఁ గవచములవంటివే. అవధానమున నిషిద్ధాక్షరి నియమమును బృచ్ఛకుఁడు విధించును. మొదటిదానియందు నియమము కవిది, రెండవదానియందుఁ బరునిది. ఈ క్రీడయందు సామాజికునిది. ఈ మూఁడవదాని యందలి ప్రత్యేకత యిదియే: భోక్తయే యంశతః కర్త యగుచున్నాఁడు. అయితే నియమము శోభించుటకు భాష యా భారమును మోయఁగలదై యుండవలెను. అక్షరములు పేదవైన భాషలో నిషిద్ధాక్షరి నడువదు. స్కైరిమ్‌లోని కొండలు, గుహలు, నీడలు, చప్పుళ్లు నిష్కవచుని వ్రతమును మోయఁజాలినంత సంపన్నములు. ఆ సంపద కర్తలదే. కావున రసములో వారికిని భాగము గలదు.

కర్తలు దాని నెఱిఁగి గౌరవింపకపోవుటయే లోపము. శత్రువులకు జ్ఞాపకశక్తి నిచ్చి, చచ్చినవానికై తోడివాఁడు దుఃఖించునట్లు చేసియున్నచో, నీడలోనివాని బాణమునకు ధర్మశంకయుఁ బుట్టియుండెడిది. వాలి యడిగిన ప్రశ్నవంటిది యిచ్చట నడుగువాఁ డొక్కఁడును లేఁడు. అంతవఱకు నీ క్రీడయందుఁ బ్రచ్ఛన్నధనుర్ధరుఁడు నిరుత్తరుఁడు గాఁడు, నిష్ప్రశ్నుఁడు. కవచము విడిచినవాఁడు మాత్రము తన ప్రాణమును బందెముగా నొడ్డి యా ప్రశ్నలో సగమైనను దానే వేసికొనుచున్నాఁడు. లాభము లేకున్న నా మార్గము నవలంబించువారిది మూర్ఖత గాక రసజ్ఞత యని యొప్పుకొనవలసియున్నది.