పడటం ఒక విద్య

కిందటి కార్తీకంలో మా ఊళ్లో పెరటి నూతి దగ్గర పాచి మీద కాలు జారింది. పడబోతూ కుడిచెయ్యి నేలకు ఆనించాను. మణికట్టు విరిగింది. కట్టు విప్పిన రోజు డాక్టరు గారు అన్నారు: ‘‘అందరూ ఇలాగే చెయ్యి అడ్డం పెడతారండీ. ఒంటి బరువంతా వచ్చి ఆ ఒక్క ఎముక మీద కూర్చుంటుంది.’’

నాకు యాభై ఒకటి. బ్రూస్ లీ పోస్టర్ గోడకి అంటించుకున్న తరం మాది. చెయ్యి కుదురుకోగానే ఆ పాత మోజు మళ్లీ తలెత్తింది. ‘‘ముసలోడికి దసరా పండగ’’ అని మా ఆవిడ నవ్వింది.

ముందు కరాటే క్లాసుకి వెళ్లాను. నా తన్ను నా నడుము ఎత్తు కూడా దాటలేదు. మాస్టారు ధైర్యం చెప్పారు: గిచిన్ ఫునాకోషి 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించేనాటికి ఆయనకీ యాభై దాటిందట. కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు నేర్పే మీనాక్షి అమ్మ గారికి పద్మశ్రీ వచ్చిన 2017 నాటికి ఆవిడ డెబ్బైల్లో ఉన్నారట. రెండూ నిజమే. కానీ ఇద్దరూ చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లు. నడివయసులో ఈ దారిలో అడుగుపెట్టినవాళ్లు కారు, నడివయసొచ్చినా మాననివాళ్లు. వాళ్లకి దండం పెట్టొచ్చు గానీ వాళ్లతో పోల్చుకుంటే మోకాళ్లు ఒప్పుకోవు.

తర్వాత మనసు కర్రసాము మీదికి పోయింది. అమలాపురంలో దసరాకి వీధుల్లో కర్రలు తిప్పే చెడీ తాలింఖానా చూసి పెరిగినవాణ్ణి కదా! తీరా కర్ర పట్టుకున్నాక తెలిసింది, ఆ తిప్పడమంతా మణికట్టులోనే ఉందని. నాకు విరిగిందీ అదే.

చివరికి జూడో దగ్గర ఆగాను. 1882లో జిగోరో కానో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో మొదలుపెట్టిన విద్య ఇది. ఎత్తి పడేయడం నేర్పుతారనుకుని వెళ్తే మొదట పడటం నేర్పారు. దాన్ని ఉకెమి అంటారు. చాప మీద వెల్లకిలా పడుకోవాలి. గడ్డం గుండెకు ఆనించి నడుము దగ్గరి బెల్టు ముడి చూడాలి. అప్పుడు తల వెనక్కి వాలి నేలకు కొట్టుకోదు. చేతులు ఒంటికి కాస్త ఎడంగా చాచి, మోచేతి నుంచి అరచేతి దాకా ఒక్కసారే చాపను చరచాలి. దెబ్బను ఒక్క ఎముక మొయ్యకుండా చెయ్యంతా పంచుకుంటుంది. ఊపిరి బిగబట్టకూడదు. పడుకుని వచ్చాక గొంతుక్కూర్చుని, అదీ వచ్చాక నిలబడి పడాలి. నిలబడి పడే దశకి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

వినడానికి సులువే. కానీ ఒళ్లు వెనక్కి తూలగానే చెయ్యి దానంతటదే నేలని వెతుక్కుంటుంది. యాభై ఏళ్ల అలవాటు! నా పక్కన పసుపు బెల్టు కట్టుకున్న పన్నెండేళ్ల పిల్ల ఉంటుంది. ‘‘అంకుల్, మళ్లీ చెయ్యి వెనక్కి పెట్టారు’’ అంటుంది, హోంవర్కులో తప్పు చూపించినట్టు. మొదటి వారం మొహం మాడ్చుకున్నాను. ఆఫీసులో నాకు తప్పు చూపించేవాళ్లు లేక ఎన్నాళ్లయిందో! ‘పడ్డవాడు చెడ్డవాడు కాదు’ అన్న సామెతలో పడింది నేల మీద కాదు, మాట. నడివయసులో విద్య పట్టేవాడికి ఆ రెండు పడటాలూ రావాలి. రెండోదే కష్టం.

అందుకే ఈ వయసులో ఏ విద్య మంచిదని ఎవరైనా అడిగితే నేను విద్య పేరు చెప్పడం మానేశాను. బీపీ, కీళ్లు, ఎముకల సంగతి ముందు డాక్టరుకి చూపించుకోమంటాను. ఆ తర్వాత ఒక సాయంత్రం వెళ్లి క్లాసు గట్టున కూర్చోమంటాను. మొదటి నెల ఏం నేర్పుతున్నారో చూడండి. మన ఈడువాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎన్నాళ్లుగా వస్తున్నారో కనుక్కోండి. ముఖ్యంగా, ‘చాలు’ అన్నప్పుడు ఆగుతున్నారా? జూడోలో పట్టులో చిక్కినవాడు రెండుసార్లు తడితే అవతలివాడు వెంటనే వదిలేయాలి. ‘‘పోటీ పట్లు నాకొద్దండీ, పడటం, పట్టుకోవడం చాలు’’ అని నేను ముందే చెప్పాను. మా మాస్టారు నొచ్చుకోలేదు, పౌరుషం గురించి ప్రసంగమూ చెయ్యలేదు. అక్కడే ఫీజు కట్టేశాను.

మొన్న ఆదివారం నిలబడి వెనక్కి పడ్డాను. చెయ్యి వెనక్కి పోలేదు. చాప ఫట్‌మంది. లేచి ఆ పిల్ల వంక చూశాను, ఏమంటుందోనని.

‘‘చెయ్యి బాగుంది అంకుల్,’’ అంది. ‘‘గడ్డమే పైకి లేచింది.’’

మళ్లీ పడ్డాను.