ఆగని లైను, మారే టేబుల్

బెంగళూరు హైవే మీద ఎర్రమంచి దగ్గర కాసేపు నిలబడి బండ్ల నంబర్లు చదివితే మంచి కాలక్షేపం. పాత లారీ మీద ఏపీ 02 ఉంటుంది, అది అనంతపురం జిల్లా నంబరు. దాని వెనకాల బైకు మీద ఏపీ 39. 2019 ఆరంభంలో రాష్ట్రం మొత్తానికీ ఆ ఒక్క కోడే పెట్టారు. తెలంగాణ కార్లలో కొన్ని టీఎస్, 2024 మార్చి తర్వాత కొన్నవి టీజీ. మధ్యలో ఎక్కడో ఒకటి 22 బీహెచ్ అని మొదలవుతుంది. 2021 సెప్టెంబరు 15 నుంచి ఇస్తున్న భారత్ సిరీస్‌లో అంకెలు ముందొచ్చి అక్షరాలు తర్వాత వస్తాయి. వీటిలో దేనితోనూ రోడ్డుకు పేచీ లేదు. మొదటి రెండు అక్షరాలూ రాష్ట్రం, తర్వాతి రెండంకెలూ జిల్లా అని ఎప్పుడో ఒకనాడు రాసిపెట్టుకుని మరిచిపోయిన కంప్యూటర్లకే పేచీ.

ఇక్కడికి దగ్గరలో ఒక విడిభాగాల కంపెనీకి డేటాబేసులు చూసిపెట్టడం నా పని. కియా వాళ్లు 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 2019 డిసెంబరు 5న ఫ్యాక్టరీని లాంఛనంగా ప్రారంభించాక ఈ చుట్టుపక్కల మాలాంటి కంపెనీలు చాలా వెలిశాయి. మొదట చెప్పిన సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. ఏడాదికి 300 పనిదినాలనుకున్నా రోజుకు వెయ్యి కార్లు, అంటే నిమిషంన్నర లోపు ఒకటి. ఏ రంగు కారు తర్వాత ఏ రంగు కారు లైను మీదికి వస్తుందో, దానికి తగ్గ భాగం అదే వరసలో బండెక్కాలి. ఆ వరస చెప్పేది డేటాబేసులోని ఒక టేబుల్. స్కాన్ చేసే కుర్రాడికి టేబుల్ అంటే ఏమిటో తెలియక్కర్లేదు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోతే మాత్రం వెంటనే ఫోను: "ఏమప్పా, ఇంకా ఎంతసేపు?"

అందుకని నడుస్తున్న టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చాలన్నా మేం పెద్ద హడావుడి చేస్తాం. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. "టెస్ట్ సర్వర్లో వేశాను సార్, సెకను కూడా పట్టలేదు" అంటారు. నిజమే. టెస్ట్ సర్వర్లోని టేబుల్లో వంద వరసలుంటాయి, అవీ వాళ్లే టైపు చేసినవి. పేర్లన్నీ శుభ్రంగా ఉంటాయి, ఖాళీ గడి ఒక్కటీ ఉండదు, ఆ సమయంలో ఆ టేబుల్‌ను ఇంకెవరూ చదవరు. అక్కడ ఆదేశం ఆడిందంటే దానిలో అక్షరదోషం లేదని తేలిందంతే.

అసలు డేటాలో మురికి ఎలా ఉంటుందో చూడాలంటే 2022 ఏప్రిల్ 4 నాటి సంగతి తీసుకోవాలి. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, కదిరి, మడకశిర అన్నీ పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. సరఫరాదారుల టేబుల్లో జిల్లా పేరు మార్చాలి, పనిలో పనిగా జిల్లా కోడ్‌కు కొత్త కాలమ్ పెట్టాలి. వినడానికి పూటలో అయ్యే పని. తీరా అసలు డేటా ప్రతి తీసి చూస్తే ఒకే జిల్లా అనంతపురం, అనంతపూర్, అనంతపురము, ఏటీపీ అని రకరకాలుగా ఉంది. కొన్ని చోట్ల జిల్లా గడిలో ఊరి పేరుంది. పోనీ నియోజకవర్గాన్ని బట్టి మారుద్దామంటే రాప్తాడు నియోజకవర్గమే రెండుగా చీలింది. రాప్తాడు మండలం పాత జిల్లాలోనే ఉండిపోయింది, రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి ఇటొచ్చాయి. మండలం దాకా దిగితే తప్ప తెగలేదు.

ఇంకో చిక్కు ప్రోగ్రామరు పట్టుకున్నది కాదు, అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ పట్టుకున్నది. ప్రతి మీద మార్పులన్నీ అయ్యాక ఆమెను పిలిచి, రోజూ చేసే పనులు చేసి చూడమన్నాం. ఆమె మార్చి నాటి పాత ఇన్‌వాయిస్ ఒకటి మళ్లీ ప్రింటు తీసింది. దాని మీద శ్రీ సత్యసాయి జిల్లా అని వచ్చింది. "ఈ బిల్లు రాసినప్పుడు ఈ జిల్లా లేదు గదా సార్?" అంది. ఆడిట్‌లో చూపించాల్సిన కాగితం అది. చిరునామా మారితే పాత బిల్లులు మారకూడదు, ఎప్పటి చిరునామా అప్పటిదే నిలవాలి. టెస్టింగ్ అంటే కొత్త పని ఆడుతోందా అని చూడ్డమే అనుకుంటారు చాలామంది. పాత పని చెడలేదని చూడ్డానికే ఎక్కువ సమయం పోవాలి. ఆ పాత పని ఏమిటో తెలిసినవాళ్లు కీబోర్డు ముందున్నవాళ్లే కానక్కర్లేదు.

మా వైపు దీనికో కథ ఉండనే ఉంది. లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి చూడని యాత్రికుడు ఉండడు. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరుకు దాని గుట్టేమిటో తేల్చాలనిపించి దాన్ని కదిపాడట. కదిపేసరికి పక్క స్తంభాలూ పైకప్పూ కూడా కదిలాయట, భయపడి వదిలేశాడట. కథ ఎంత నిజమో గానీ అక్కడి గైడ్లు ఆ స్తంభం ఒక మూల నేలకు ఆనిన చోటు ఇప్పటికీ చూపిస్తారు. పరీక్ష పెట్టడంలో తప్పు లేదు. ఆయన పరీక్ష పెట్టింది బరువు మోస్తున్న స్తంభానికి, అదీ సంగతి.

అచ్చం అలా పరీక్ష పెట్టేవాళ్లు మాలోనూ ఉన్నారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో టేబుల్ మార్పును ట్రాన్సాక్షన్ లోపల వేసి, చూసుకుని, రోల్‌బ్యాక్ కొట్టొచ్చు, అంటే వెనక్కి తీయొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ వీలు లేదు, టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశం వేయగానే దానంతటదే కమిట్ అవుతుంది. ఈ సౌకర్యం చూసుకుని కొందరు ప్రొడక్షన్ మీదే, అంటే నడుస్తున్న అసలు సర్వర్ మీదే వేసి వెనక్కి తీస్తారు. డేటా మారదు, నిజమే. కానీ ఆల్టర్ టేబుల్ చాలా సందర్భాల్లో ఆ టేబుల్ మొత్తాన్నీ తాళం వేసి పట్టుకుంటుంది. రోల్‌బ్యాక్ కొట్టేదాకా వేరెవరూ చదవడానికి కూడా లేదు. అంతకన్నా కొంటె సంగతి ఇంకోటుంది. ఎవరో మేనేజరు నెలాఖరు రిపోర్టు నడుపుతుంటాడు. మన ఆల్టర్ అది అయ్యేదాకా వెయిట్ చేస్తుంది. మన వెనకాల వచ్చిన స్కానర్లన్నీ మన వెనకాల నిలబడతాయి. మన పని ఇంకా మొదలే కాలేదు, లైను మాత్రం ఆగిపోయింది. టెస్ట్ సర్వర్లో ఇది జన్మలో కనపడదు. అక్కడ రిపోర్టు నడిపే మేనేజరు లేడు కాబట్టి.

అందుకే ఈ మార్పుల్ని నేను రద్దీతోనే పరీక్షిస్తాను. రాత్రి తీసిన బ్యాకప్‌ను వేరే సర్వర్లో పునరుద్ధరించి, అందులో మనుషుల ఫోన్ నంబర్లూ ఆధార్ నంబర్లూ చెరిపేసి, దాని మీద పగటి రద్దీ లాంటిదే నడిపిస్తూ ఆదేశం వేస్తాం. ఎంతసేపు పట్టింది, ఎవరెవరు ఆగారు అని రాసుకుంటాం. తాళం కోసం రెండు సెకన్లకు మించి ఆగొద్దని ముందే చెప్తాం. దొరక్కపోతే మార్పే తప్పుకుంటుంది, మళ్లీ వేసుకోవచ్చు. సర్వర్ వెర్షన్ కూడా ప్రొడక్షన్‌లో ఉన్నదే ఉండాలి. డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చితే పోస్ట్‌గ్రెస్ పాత వెర్షన్లు టేబుల్ మొత్తం తిరగరాసేవి. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి మామూలు డిఫాల్టయితే ఆ బాధ లేదు. కొత్త వెర్షన్లో పరీక్షించి పాతదాని మీద వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంత పట్టింపు అవసరమా అనేవాళ్లకు బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సంగతి చెప్తుంటాను. 2018 ఏప్రిల్‌లో వాళ్లు 50 లక్షల పైచిలుకు ఖాతాదారుల వివరాల్ని కొత్త వ్యవస్థలోకి మార్చారు. డేటా సరిగ్గానే చేరింది. కానీ జనం లాగిన్ అవడం మొదలుపెట్టాక వ్యవస్థ కూలబడింది. మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టింది. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, కలిసి పనిచేయాల్సిన డేటా సెంటర్లు రెండుంటే రద్దీ పరీక్ష ఒకదాని మీదే చేశారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4.86 కోట్ల పౌండ్లు.

బ్యాకప్ ఉందిగదా అనే ధీమా కూడా పరీక్షకు పెట్టాల్సిందే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డేటా ఫోల్డరు చెరిపేశాడు. 300 గిగాబైట్ల వరకూ పోయింది. రోజువారీ బ్యాకప్పులు చూస్తే ఖాళీ. బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షన్ ఒకటి, డేటాబేస్ వెర్షన్ ఒకటి కావడంతో అది రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. చివరికి వాళ్లను గట్టెక్కించింది ఆరు గంటల ముందు అదే ఇంజనీరు టెస్టింగ్ సర్వర్ కోసం చేత్తో తీసిపెట్టుకున్న ఒక ప్రతి. నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క అదే. మేమూ ప్రతి మార్పుకు ముందు బ్యాకప్ పునరుద్ధరించి తీరాలి కాబట్టి, మా బ్యాకప్ పనిచేస్తోందో లేదో వారం వారం అడక్కుండానే తెలిసిపోతోంది.

కాలమ్ చేర్చడం ఎంతైనా తేలిక. పాత కాలమ్ పక్కన కొత్తది పెట్టి, కొన్నాళ్లు రెండింటిలోనూ రాసి, ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే కొత్తదానికి మళ్లాక పాతది తీసేయాలి. ఏపీ 02, ఏపీ 39 ఒకే రోడ్డు మీద నడిచినట్టు అవీ కలిసి నడుస్తాయి. చిక్కంతా తీసేసేటప్పుడే. తెలంగాణలో పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు పేరుకు ఒక కాలమ్ ఉండేది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత కొత్త రికార్డుల్లో, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్లో ఆ కాలమ్ లేకుండా పోయింది. దాన్ని తీసేయడం ప్రభుత్వ విధానమే, పొరపాటు కాదు. సాంకేతికంగా చూస్తే ఒక కాలమ్ తీసేయడమంతే, ఏ ప్రోగ్రామూ ఆగదు. కానీ భూమి దున్నుతున్నాననడానికి ఆ గడిలో తన పేరును చూపించుకునే కౌలురైతుకు ఆ తర్వాత చూపించడానికి ఏమీ మిగల్లేదు. మన వైపు మీభూమి అడంగల్‌లో అనుభవదారు గడి ఉంది. ఆ కాలమ్‌ను ఏ ప్రోగ్రాము చదువుతోందని అడిగితే యంత్రం చెప్తుంది. ఏ మనిషి దాని మీద బతుకుతున్నాడన్నది ఏ టెస్ట్ సర్వర్లోనూ ఉండదు.

మా టేబుల్లో జిల్లా పేరు పాత కాలమ్ ఇంకా ఉంది. అందులో రాయడం మానేసి చాలాకాలమైంది. తీసేద్దామని టీములో కుర్రాళ్లు ప్రతి సమీక్షలోనూ అడుగుతారు. కానీ లాగ్ చూస్తే నెలకోసారి, ఒకటో తారీఖు తెల్లవారుజామున, ఎవరో దాన్ని చదువుతున్నారు. ఏ ప్రోగ్రామో తెలీదు, ఏ శాఖదో తెలీదు. అన్ని శాఖల్లోనూ అడిగించాం, మాది కాదనే అన్నారు. వచ్చే ఒకటో తారీఖు ముందురోజు, అచ్చం అసలుది లాంటి ప్రతిలో ఆ కాలమ్ పేరు మార్చి, మిగతా సర్వర్ల కనెక్షన్లన్నీ ఆ ప్రతికి తిప్పి, ఎవరు అరుస్తారో చూద్దామని ఒకడు ప్లాన్ రాసుకొచ్చాడు. చదువుతున్నాను.