బాణం, సంతానం: కొండ అడవుల జింక వేట ఘట్టాల పునఃపరిశీలన

వ్యాససంగ్రహం: మృగయను కావ్యవర్ణనల వరుసలో ఒకటిగా లెక్కించి, పద్యాల సొగసును మెచ్చుకొని ముగించడం ప్రబంధ విమర్శలో స్థిరపడిన పద్ధతి. జింక వేట ఘట్టాల్లో కథాగతిని నిర్ణయించేది వర్ణన కాదని, బాణం ఎక్కుపెట్టడానికీ విడవడానికీ నడుమ ఉన్న వ్యవధి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వ్యవధిలో తేలేది మృగం ప్రాణం ఒక్కటే కాదు, వేటగాడి వంశం కూడా. ఆదిపర్వంలోని పాండురాజు కథ, అభిజ్ఞాన శాకుంతలం, పెరియపురాణంలోని కణ్ణప్ప చరిత్ర, మనుచరిత్ర ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: మృగయ, కిందముడు, స్వరోచి, తిన్నడు, ఎరుకులు, వేట నియమం.

వర్ణనగా మిగిలిన వేట

దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనల జాబితాలో మృగయ లేదు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, జలక్రీడ, మధుపానం వంటివి ఉన్నాయి గాని వేట పేరు రాదు. విశ్వనాథుని సాహిత్యదర్పణానికి వచ్చేసరికి ప్రాతఃకాల మధ్యాహ్నాల సరసన మృగయ చేరింది. లక్షణకర్తల మధ్య ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కాని జాబితాలోకి ఎక్కిన తరువాత వేటకు జరిగిన నష్టం చిన్నది కాదు. సూర్యోదయం, చంద్రోదయం లాగా అది కూడా కవి తన ప్రతిభను చూపుకొనే ఒక స్థలమైంది. పరిశోధకులు కూడా అదే దారి పట్టారు. కుక్కల పరుగు, వలలు పన్నడం, పందుల రొప్పు, లేళ్ళ బెదురు, వీటిని వర్ణించిన పద్యాలను ఏరి, అలంకారాలు గుర్తించి, 'సహజ సుందరం' అని ముద్ర వేయడంతో అధ్యాయం పూర్తవుతుంది. ఆ వేట వల్ల కథలో ఏం జరిగిందన్న ప్రశ్న సాధారణంగా రాదు.

ఆ ప్రశ్న వేస్తే ఒక విచిత్రమైన సామ్యం బయటపడుతుంది. దశరథుడు చీకట్లో శబ్దాన్ని బట్టి బాణం వేసి, అంధులైన తల్లిదండ్రుల కొడుకును చంపుతాడు; ఫలితంగా పుత్రశోకంతో మరణిస్తాడు. పాండురాజు జింకల జంటను కొట్టి సంతానయోగ్యతను కోల్పోతాడు. దుష్యంతుడు ఎక్కుపెట్టిన బాణాన్ని దించి, చక్రవర్తియైన కుమారుణ్ణి పొందమనే ఆశీస్సు అందుకొంటాడు. స్వరోచి లేడిపై బాణం వేయక మనువుకు తండ్రి అవుతాడు. కావ్యాల్లో వేట బాణం ఎవరికి తగిలినా, తగలకపోయినా, దాని లెక్క సంతానం దగ్గరే తేలుతున్నది.

హిమవంతం దక్షిణ పార్శ్వం

పాండురాజు వేట రాజధాని సమీపాన జరిగిన వినోదం కాదు. దిగ్విజయం ముగించిన రాజు నగరాన్ని విడిచి, భార్యలిద్దరితో హిమవంతం దక్షిణ పార్శ్వంలోని అడవుల్లో నివసిస్తూ వేటనే దినచర్యగా చేసుకొన్నాడని భారతం చెబుతుంది. రాజ్యం చేయవలసిన వయసులో ఒక రాజు కొండ అడవిలో కాలం గడపడమే కొంత వింత. అక్కడ మృగరూపంలో సంగమిస్తున్న కిందమ మునినీ అతని భార్యనూ ఐదు బాణాలతో కొడతాడు. మనుషుల నడుమ సిగ్గుపడి ఆ ముని జింకల్లో చేరాడు. మనిషి కంటికి దూరంగా వెళ్ళినవాణ్ణి మనిషి బాణమే వెతుక్కొంటూ వచ్చింది.

తరువాతి సంవాదమే ఈ ఘట్టానికి ప్రాణం. పాండురాజు రాజధర్మాన్ని ఆశ్రయిస్తాడు. శత్రువులను చంపినట్టే రాజులు మృగాలను చంపవచ్చునంటాడు, అగస్త్యుణ్ణి ప్రమాణంగా తెస్తాడు. కిందముడు ఈ వాదాన్ని ఖండించడు. జింకను చంపినందుకు నిన్ను నిందించడం లేదంటాడు. అతని ఆరోపణ ఒక్కటే: సంగమం ముగిసేవరకు ఆగి ఉండవలసింది. వేట తప్పు కాదు, ఆగకపోవడం తప్పు. అహింసావాదంగా ఈ శాపాన్ని చదివే వ్యాఖ్యానాలు ఈ మాటను దాటవేస్తాయి. ముని అడిగింది జీవకారుణ్యమే అయినా అది కొంత ఓపికగా, వేచి ఉండడంగా రూపుదాల్చిన కారుణ్యం.

నన్నయ తెనిగింపులో ముని మరొక అడుగు వేస్తాడు. అడవిలో మృగమాంసంతో బతికే ఎరుకులు కూడా ఇటువంటి స్థితిలో ఉన్న మృగాలను కొట్టరని రాజుకు చెబుతాడు. కురురాజును తూచడానికి ఎంచుకొన్న తూనిక స్మృతి వాక్యం కాదు, అడవిలో వేటగాళ్ళ ఆచారం. మనుస్మృతి సప్తమాధ్యాయంలో కామజనితమైన పది వ్యసనాల్లో మృగయను మొదట చెప్పినా ముని దానిని ఎత్తుకోడు. నన్నయ పాఠకులు ఈ ఎన్నికను ఇంతకాలం మామూలు మాటగా వదిలివేయడం ఆశ్చర్యమే.

విల్లు చేసే పని

ఈ తూనిక బరువు తెలియాలంటే విల్లుతో కొండ మీద జింకను కొట్టడం ఎటువంటి పనో తెలియాలి. కావ్యాలు ఈ పనిని దాదాపు చెప్పవు. బాణం తుపాకీ గుండు కాదు. దాని ప్రభావం కొన్ని పదుల గజాల దూరంలోనే. కాబట్టి వేటగాడి కష్టమంతా గురి చూడడంలో కన్నా దగ్గరికి చేరడంలో ఉంటుంది. జింకకు కంటి కన్నా చెవి, చెవి కన్నా ముక్కు పెద్ద కాపలా. ఎండ కాసే వేళ కొండవాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది, పొద్దు వాలాక చల్లబడి కిందికి జారుతుంది. ఏ వేళ ఏ వైపు నుంచి ఎక్కాలో తెలియనివాడి వాసన అతని కన్నా ముందు మృగాన్ని చేరుతుంది. బాణం తగిలిన తరువాత కూడా పని తీరదు. బాణం దెబ్బకు జింక సాధారణంగా నెత్తురు కారి పడిపోతుంది, అక్కడికక్కడే కూలదు. వెంటనే తరిమితే ఎంత దూరమైనా పోతుంది. కొంతసేపు ఊరక కూర్చుని, ఆపైన నెత్తుటి జాడ పట్టుకొని నడవాలి. బాణానికి ముందూ వెనుకా వేటలో ఎక్కువ భాగం నిరీక్షణే.

ఈ కొలతతో శాకుంతల ప్రథమాంకాన్ని చూస్తే అందులోని రాజవేట రూపం స్పష్టమవుతుంది. దుష్యంతుడు రథం మీద ఉన్నాడు. జింక ముందు పరుగెడుతున్నది, మెడ వంచి వెనక్కి చూస్తున్నది. రథం వేగం, సారథి పొగడ్త, జింక భయం కలిసి అపూర్వమైన దృశ్యమైంది. అయితే కాలినడకన కొండ ఎక్కే వేటగాడు కోరేది పరుగెత్తే జింకను కాదు, తనను గమనించని జింకను. రెండవ అంకంలో సేనాపతి వేటను మెచ్చుకొనే మాటలు ఈ తేడాను బయటపెడతాయి. వేట వల్ల కొవ్వు కరిగి శరీరం తేలికవుతుంది, భయక్రోధాల్లో మృగాల చిత్తం తెలుస్తుంది, కదిలే గురిని కొట్టడంలో విలుకాడి గొప్పతనం ఉంది అంటాడతను. అవి యుద్ధానికి సాధన చేసేవాని మాటలు. ఆకలి ఆ జాబితాలో లేదు. మాంసం సంగతి విదూషకుని గొణుగుడులోనే వినిపిస్తుంది.

అయినా ఆ అంకంలో బాణం ఆగింది. భారతంలోని దుష్యంతుడు సైన్యంతో వచ్చి అడవిని కలచి, మృగాలను విరివిగా చంపి, ఆపైన ఆశ్రమం చేరతాడు. అతని వేటకు అడ్డు చెప్పినవారు లేరు. ఆశ్రమమృగాన్ని చంపవద్దని చేయెత్తి ఆపిన తాపసి కాళిదాసు చేర్పు. ఆ చేర్పుతో రాజు బాణం దించడం, వెంటనే పుత్రాశీస్సు పొందడం ఒకే క్షణంలో జరిగాయి. పదిహేనవ శతాబ్దిలో పిల్లలమర్రి పినవీరభద్రుడు భారత కథనూ కాళిదాసు నాటకాన్నీ కలిపి శృంగార శాకుంతలం కట్టినప్పుడు అతని ముందున్నవి ఈ రెండు వేటలు. ఆ కావ్యంపై వచ్చే పోలిక అధ్యయనాలు శాపం, ఉంగరం దగ్గర ఆగిపోకుండా బాణం దాకా వెళ్ళడం అవసరం.

పొత్తపినాటి నియమం

కిందముడు ఎత్తిచూపిన ఎరుకుల ఆచారానికి మరో సాక్ష్యం తమిళంలో ఉంది, కాని స్థలం తెలుగు సీమ. పన్నెండవ శతాబ్దిలో సేక్కిళార్ రచించిన పెరియపురాణంలో కణ్ణప్ప పొత్తపినాటి ఉడుప్పూరు వేటగాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఇతడే తిన్నడు. సేక్కిళార్ వేటను రాజవిలాసంగా మొదలుపెట్టడు. తండ్రి నాగన్ ముసలివాడై వేటకు పోలేకపోవడంతో అడవి మృగాలు పెరిగి చేలు పాడుచేస్తున్నాయని గూడెం వారు వచ్చి మొరపెట్టుకొంటారు. అప్పుడు నాయకత్వం కొడుకు చేతికి వస్తుంది. వేటకు ఒక కారణం, ఒక బాధ్యత ఉన్నాయి.

ఆ తొలి వేట వర్ణన నడుమ సేక్కిళార్ ఒక విషయం చెబుతాడు. ఆ వేటగాళ్ళు ఏనుగు గున్నల వెంటపడరు, చిన్న కూనలను చంపరు, చూలుతో అడుగు తడబడే లేళ్ళను బాధించరు. బాణాల వానలో, కుక్కల అరుపుల్లో, ఈ మూడు మినహాయింపులు పలకడం వర్ణన కోసం కాదు. హస్తినాపురపు రాజుకు తెలియని నియమం ఉడుప్పూరు గూడేనికి తెలుసు. గర్భాన్నీ పిల్లనూ విడిచిపెట్టే ఆ నియమానికీ కిందముని నిందకూ మూలం ఒకటే: మృగానికి కూడా వంశం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సేక్కిళార్ చోళరాజు కొలువులో ఉన్నవాడు, వేటగాడు కాదు. ఉడుప్పూరు నియమం గూడెం నుంచి నేరుగా వచ్చిన మాటగా తీసుకోవడానికి లేదు; భక్తుడు కాబోయేవాని చేతిని కవి ముందుగానే శుభ్రపరిచి ఉండవచ్చు. కాని మరుసటి ఏటి వేట మిగలాలంటే చూలు లేడి మిగలాలని వేట మీద బతికేవారికి కవి చెప్పవలసిన పని లేదు. కరుణగా కవి చూసినది వారికి జీవనోపాయపు వివేకం కూడా అయి ఉంటుంది. 1943లో వెలువడిన చెంచుల గ్రంథంలో ఫ్యూరర్ హైమెండార్ఫ్ నల్లమల చెంచుల బతుకులో వేట కన్నా దుంపలు, పండ్లు ఏరుకోవడానికే ఎక్కువ పాలు ఉన్నట్టు చూపాడు. విల్లమ్ములు వారి గుర్తుగా నిలిచినా రోజూ కడుపు నింపింది తవ్వుకోల. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ విల్లుకు జింక వైపు గురి చూసే హక్కు కూడా లేదు. కావ్యాల ఎరుకును ఉత్సాహంగా పొగిడే విమర్శ ఈ సంగతులను తలచుకోకపోతే ఆ పొగడ్తకు అర్థం తక్కువ.

కణ్ణప్ప కథ చివర విలుకాని అమ్ము మృగం వైపు తిరగదు. శివుని కంటి నెత్తురు ఆపడానికి అతడు తన కన్నునే అమ్ముతో పెకలిస్తాడు. వేటలో తెలిసిన చేతిపనినే తన మీద ప్రయోగించిన విలుకాడు ఈ కథల్లో ఇతడొక్కడే.

బాణం అడిగిన లేడి

మనుచరిత్రలో వేట ఒకటి కన్నా ఎక్కువసార్లు వస్తుంది. పాఠ్యాంశాల్లోనూ సంకలనాల్లోనూ చోటు దొరికేది మనోరమ కథకు ముందున్న వేటకే. కావ్యం పేరును సార్థకం చేసేది చివరి వేట. మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణం నుంచి పెద్దన తీసుకొన్న ఈ కథలో స్వరోచికి మృగపక్షుల భాష తెలుసు. విభావరి ఇచ్చిన విద్య అది. ముగ్గురు భార్యలతో భోగంలో మునిగిన తనను మృగపక్షులు నిందించడం అతడు అప్పటికే విన్నాడు. విన్నా మారలేదు.

ఆ తరువాత ఒకనాడు పందిపై విల్లు ఎక్కుపెట్టినప్పుడు ఒక లేడి అడ్డువస్తుంది. దానిని వదిలి తనను కొట్టమంటుంది. తన మనసు పడినవాడు ఇతర స్త్రీలకు వశుడై ఉన్నాడని, చావే తనకు మందని చెబుతుంది. ఎవడతడని అడిగితే నువ్వేనంటుంది. మనిషికీ మృగికీ పొందు ఎట్లాగంటే, మనసుంటే కౌగిలించమంటుంది. స్వరోచి కౌగిలిస్తాడు, లేడి వనదేవత అవుతుంది, స్వారోచిష మనువు పుడతాడు.

పాండురాజు కథకు ఇది దాదాపు అద్దంలో ప్రతిబింబం. అక్కడ ముని మృగరూపంలో దాక్కొన్నాడు, ఇక్కడ దేవత మృగరూపంలో ఎదురు వచ్చింది. అక్కడ సంగమం మీద బాణం పడింది, ఇక్కడ బాణం స్థానంలో ఆలింగనం వచ్చింది. అక్కడ ముని మాట్లాడేసరికి ఆలస్యమైంది. ఇక్కడ రాజు ముందుగా విన్నాడు. స్వరోచికి ధర్మం పాండురాజు కన్నా ఎక్కువ తెలుసని చెప్పలేం. భోగలాలసుడే. తేడా అంతా అతడు మృగం మాట అర్థం చేసుకోగలగడంలో ఉంది. వరూధినీ ప్రవరుల ఘట్టానికి అంకితమైన విమర్శలో నూరోవంతు కూడా ఈ లేడికి దక్కలేదు. ప్రవరుడు ఇల్లు చేరడానికి హిమాలయంలో దారి వెతుక్కొన్నాడు. మనువు పుట్టడానికి దారి తీసింది మాత్రం ఒక వేటగాని చేతిలో నిలిచిపోయిన బాణం. పందిని కొట్టబోయిన ఆ వేళ కథ దృష్టి కూడా పందిని వదిలి లేడి మీదికి మళ్ళింది, పంది ప్రాణాలతో ఏ పొదలోకో తప్పుకొన్నట్టే పాఠకుడు అనుకోవాలి.