విభాగాలు దాటిన రోగనిర్ధారణ: తెలుగునాట ఫ్లోరోసిస్ పరిశోధనలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆస్పత్రిలో వైద్యం దంత, ఎముకల, నరాల, మూత్రపిండాల విభాగాలుగా సాగుతుంది. తాగునీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల కలిగే ఫ్లోరోసిస్ ఈ విభాగాలన్నిటిలోనూ లక్షణాలు చూపుతుంది. 1937, 1955, 1973 సంవత్సరాలలో తెలుగు ప్రాంతాల రోగులపై వెలువడిన మూడు పరిశోధనలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగనిర్ధారణలో అవి సాధించిన సమగ్రత చికిత్సకు, రోగి భాషకు విస్తరించలేదని ప్రతిపాదిస్తుంది. ఈపూరు వంటి పల్నాటి గ్రామాల రోగులకు ఈ చర్చ ఎందుకు అవసరమో వివరిస్తుంది.

కీలకపదాలు: ఫ్లోరోసిస్, రోగనిర్ధారణ, పల్నాడు, పొదిలి, దర్శి, నల్గొండ, వైద్యపరిశోధన, రోగి భాష.

1. ప్రవేశిక:
ఈపూరు మండలం 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, వినుకొండ ప్రాంతంలో ఉంది. ఈ ప్రాంతానికి దక్షిణాన ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాలు భారతదేశ ఫ్లోరోసిస్ పరిశోధనచరిత్రలో మొదటి పుటల్లో కనిపిస్తాయి. గుంటూరు జిల్లా గ్రామీణ భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్‌పై ఎన్. సుబ్బారావు 2003లో పరిశోధనవ్యాసం ప్రచురించారు. కనుక ఇది పల్నాటికి దూరపు విషయం కాదు.

ఈపూరు ప్రాంతం నుంచి నడుము పట్టేసిన ఒక వ్యవసాయ కూలీ నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లాడనుకుందాం. ఎముకల వైద్యుడు నొప్పికి మందు రాస్తాడు. పళ్లపై గోధుమరంగు గారలు దంతవైద్యుడికి అందానికి సంబంధించిన సమస్యగా తోస్తాయి. కాళ్ల తిమ్మిరి నరాల విభాగానికి చేరుతుంది. మూడు చీటీలూ విడివిడిగా సరైనవే కావచ్చు. వాటిని కలిపి చదివేవారు లేకపోతే వ్యాధికి పేరు దొరకదు. ఆ పాత పరిశోధనలను ఇప్పుడు మళ్లీ చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. పొదిలి, దర్శి (1937):
మనుషుల్లో ఈ వ్యాధిని గుర్తించక ముందే 1930లలో పశువుల్లో దీని గురించి నివేదికలు వచ్చాయి. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్‌లు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌పై ప్రచురించిన వ్యాసం మానవరోగులకు సంబంధించి ఈ దేశంలో పునాదిగా నిలిచింది. ఆనాడు పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి.

ఈ రచయితల కూర్పు గమనించదగినది. షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందినవాడు. బార్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసులోని రేడియాలజీ సంస్థ నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ప్రయోగశాల, రోగిపరీక్ష, ఎక్స్‌రే ఒకే వ్యాసంలో కలిశాయి. వారు వర్ణించిన క్రమం కూడా విభాగాలను దాటుతుంది. దాదాపు ముప్పై ఏళ్ల వయసులో ఒళ్లు తిమ్మిర్లతో మొదలై, నడుములో నొప్పి, బిగువు పెరిగి, చివరకు వెన్నంతా ఒకే ఎముక కడ్డీలా గట్టిపడుతుంది. పళ్ల గారలు, ఎముకల మార్పులు, నరాల బాధ, తాగునీరు అనే నాలుగు సాక్ష్యాలను ఒకే కారణంతో ముడిపెట్టడం ఈ వ్యాసం సాధించిన విజయం.

3. నల్గొండ (1955, 1973):
1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. గట్టిపడిన వెన్నెముక నరాలను, వెన్నుపామును నొక్కడం వల్ల కలిగే అశక్తత అక్కడి రోగుల్లో ప్రముఖంగా కనిపించింది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసం అప్పటికి స్థిరపడిన చిత్రాన్ని మార్చింది. ఫ్లోరోసిస్ అంటే ఎముక దట్టమవడం అన్నది అప్పటి అవగాహన. వీరు చూసిన యువరోగుల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు ఎడమయ్యాయి. కాళ్ల ఎముకలు గుల్లబారాయి. ఒకే నీటిదోషం భిన్నరూపాల్లో ఎందుకు వ్యక్తమవుతుందన్న ప్రశ్న ఆహారం వైపు దారితీసింది. జొన్న ప్రధానాహారంగా గల ఈ ప్రాంతంలో మాలిబ్డినం, రాగి పాత్రపై అధ్యయనాలు వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం, కాలువల ఊట వల్ల భూగర్భజలమట్టం పెరిగి, జొన్నగింజలోని సూక్ష్మమూలకాలు మారాయని 1970లలో వాదించారు. సాగర్ కుడికాలువ పల్నాడు మీదుగా సాగుతుంది గనుక ఈ వాదం ఇక్కడి పాఠకులకూ సంబంధించినదే.

అయితే దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఒక ప్రాంతంలో నీటిమట్టం మారడం, అదే కాలంలో ఒక వైకల్యం కనిపించడం సంబంధాన్ని సూచిస్తాయి. ఫలానా రోగి కాలు వంగడానికి అదే కారణమని చెప్పాలంటే అతడు తిన్న గింజ, తాగిన నీరు, పోషకాహారస్థితి, అదే ఊరిలోని ఆరోగ్యవంతులతో పోలిక కావాలి. ప్రాంతసాక్ష్యాన్ని వ్యక్తిసాక్ష్యంగా చదవడం ఈ అంశంపై రాసేవారిలో తరచు కనిపించే తొందరపాటు.

4. రోగనిర్ధారణలోని చిక్కులు:
పళ్ల గారలను సూచికగా తీసుకోవడంలో ఒక పరిమితి ఉంది. పింగాణిపొర ఏర్పడే బాల్యంలో ఫ్లోరైడ్ సోకితేనే గారలు వస్తాయి. మంచినీరున్న ఊరినుంచి ఫ్లోరైడ్ ఊరికి కోడలిగా వచ్చిన స్త్రీకి పళ్లు తెల్లగానే ఉండి, ఇరవై ఏళ్లలో వెన్ను బిగుసుకోవచ్చు. బాల్యంలోనే ఊరు విడిచినవారికి గారలు మిగిలి, ఎముకలు బాగుండవచ్చు. మూత్రంలోని ఫ్లోరైడ్ ఇటీవలి సేవనాన్ని, ఎక్స్‌రే దీర్ఘకాలపు నిల్వను చెబుతాయి. ముంజేతి రెండెముకల మధ్యపొర గట్టిపడటం ఎక్స్‌రేలో ఉపయోగకరమైన గుర్తు.

మరోవైపు వెన్ను బిగుసుకోవడం యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లోనూ ఉంటుంది. ఎముక దట్టమవడం ప్రోస్టేట్ క్యాన్సర్ వ్యాప్తిలోనూ కనిపిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి శరీరంలో ఫ్లోరైడ్ మరింతగా నిలుస్తుంది. అందువల్ల నీటిపరీక్ష ఒక్కటే నిర్ధారణ కాదు. ఎక్స్‌రే ఒక్కటీ కాదు. ‘ఏ నీళ్లు తాగారు, ఎన్నేళ్లు, అంతకుముందు ఏ ఊరు?’ అన్న ప్రశ్న ఈ సాక్ష్యాలన్నిటినీ కలుపుతుంది.

5. చికిత్స, రోగి మాట:
మూడు పరిశోధనల్లోనూ వర్ణన ప్రధానం. చికిత్సను తులనాత్మకంగా పరీక్షించడం వాటి లక్ష్యం కాదు. ఎముకలో నిలిచిన ఫ్లోరైడ్‌ను తిరిగి తీసేసే నమ్మకమైన మందు లేదు. వెన్నుపాముపై ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స కొందరికే పనికివస్తుంది. ఈ వ్యాధి నరాలపై చూపే ప్రభావాన్ని హైదరాబాదు నరాల శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి 2009లో సమీక్షించారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్గొండ పద్ధతి’ని రూపొందించింది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. 2008-09లో కేంద్రప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఇవన్నీ నివారణకు ఉపకరిస్తాయి. ఇప్పటికే వంగిన వెన్నుతో ఉన్నవాడికి నొప్పి నిర్వహణ, వ్యాయామం, కాల్షియం, పోషకాహారం, పనిమార్పు ఎంతవరకు మేలు చేస్తాయో చెప్పగల దీర్ఘకాలిక తులనాత్మక అధ్యయనాలే ఇప్పుడు అవసరం.

రెండో కొరత భాషకు సంబంధించినది. 1937 వ్యాసంలో వ్యాధి ‘తిమ్మిరి’తో మొదలవుతుంది. ఆ మాట రోగి తెలుగులో చెప్పినదే అయి ఉండాలి. మనకు చేరింది ఇంగ్లీషు వైద్యపదంగా మారాకే. పల్నాట రోగి ‘నడుం పట్టేసింది’, ‘కాళ్లు గుంజుతున్నాయి’, ‘మెడ తిరగట్లేదు’ అని చెప్పినప్పుడు ఈ మాటల్లో ఏది కీలుకు, ఏది నరానికి, ఏది కండరానికి సంబంధించిందో తెలుసుకోవడం నిర్ధారణలో భాగం. ‘గుంజడం’, ‘లాగడం’, ‘తిమ్మిరి’ మూడింటినీ కేస్‌షీటులో ‘నొప్పి’గా రాస్తే నరాల వ్యాధికి తొలిసూచన అక్కడే జారిపోతుంది. ఈ పదాల వాడుకను ఊరూరా సేకరించి, వైద్యపరీక్షలతో సరిచూడటం తెలుగు భాషాపరిశోధకులు, వైద్యులు కలిసి చేయదగిన పని.

6. ఉపసంహారం:
మూడు పరిశోధనల బలం ఒక్కటే: రోగిని విభాగాలుగా కాక, అతడి నీటితో, తిండితో, వయసుతో కలిపి చూడటం. 1937 నాటికే సాధ్యమైన ఆ చూపు, ప్రత్యేక విభాగాలు పెరిగిన నేటి ఆస్పత్రిలో ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదం ఉంది. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. నడుము, కాళ్లు, పళ్ల బాధలతో వచ్చే ప్రతి గ్రామీణరోగి కేస్‌షీటులో తాగునీటి చరిత్ర ఒక తప్పనిసరి గడి కావాలి. ఏ విభాగానికి పంపినా ఆ కాగితం అతడి వెంట వెళ్లాలి. రోగి చెప్పిన మాటను చెప్పినట్టే తెలుగులో నమోదు చేయాలి. అలా చేస్తే ఈపూరు కూలీ చేతిలోని మూడు చీటీలు ఒకే వ్యాధిని చెబుతున్నాయని గుర్తించే అవకాశం, వెన్ను పూర్తిగా బిగుసుకోకముందే కలుగుతుంది.