గిటారు గొంతు వినబడే ఫ్లూట్

మౌరో జూలియాని 1806లో ఇటలీ నుంచి వియన్నా చేరాడు. గిటారంటే పాటకు పక్కవాద్యమే అనుకునే శ్రోతలకు దాని పూర్తి సత్తా చూపించాడు. ఫ్లూట్, గిటారు జోడీకి అతను రాసిన ఏ మేజర్ సొనాటా, ఓపస్ 85, 1817 ప్రాంతంలో అచ్చయింది. ఆ కాలంలో ఈ జోడీకి వచ్చినవాటిలో అంత నిండైన రచన మరొకటి లేదనిపిస్తుంది.

ఇవాళ దాన్ని వాయించేవారికి తరచూ ఒకే చిక్కు ఎదురవుతుంది. లోహపు ఫ్లూట్ పై స్థాయికి వెళ్లగానే గిటారు మరుగున పడిపోతుంది. ఫ్లూట్ విద్వాంసురాలు ఊపిరి తగ్గించి వాయించాలి, గిటారిస్టు శక్తికొద్దీ మీటాలి. అదీ చాలకపోతే గిటారు ముందు మైకు పెట్టాలి. తప్పు రచనలో లేదు. జూలియాని ఎరిగిన వాద్యాలు వేరు.

అప్పటి ఫ్లూట్ కర్రతో చేసింది. బాక్స్‌వుడ్ గానీ ఎబొనీ గానీ వాడేవారు, అతుకుల దగ్గర దంతపు కట్లు వేసేవారు. వేళ్లతో నేరుగా మూసే రంధ్రాలు ఆరు, మిగతా స్వరాల కోసం కొన్ని మీటలు. తల భాగం దాటాక లోపలి గొట్టం కింది కొసకు పోనుపోను సన్నబడుతుంది. మ్యూనిక్‌కు చెందిన థియోబాల్డ్ బోమ్ 1831లో లండన్‌లో చార్లెస్ నికల్సన్ వాయించగా విన్నాడు. పెద్ద రంధ్రాల ఫ్లూట్ మీద నికల్సన్ పలికించిన భారీ నాదం అతన్ని ఆలోచనలో పడేసింది. చివరికి 1847లో తల భాగం దాటాక నిడివంతా ఒకే వెడల్పున్న లోహపు గొట్టంతో కొత్త ఫ్లూట్ తయారుచేశాడు. నేటి ఫ్లూట్ దాని సంతానమే. పారిస్ కన్సర్వేటరీలో ట్యూలూ మాత్రం 1829 నుంచి సుమారు 30 ఏళ్లపాటు పాత పద్ధతి ఫ్లూట్‌నే నేర్పాడు. మొండివాడని అతన్ని తీసిపారేయడం తేలికే. పాత ఫ్లూట్ ఒకసారి వింటే ఆ పట్టుదలకు కారణం తెలుస్తుంది.

ఆరు రంధ్రాలనూ కింది నుంచి ఒక్కొక్కటిగా తెరుస్తూ పోతే డి మేజర్ స్కేలు దానంతటదే పలుకుతుంది. మధ్యలో ఎఫ్ నేచురల్ కావాలంటే రెండు దారులున్నాయి. మీట నొక్కితే తేటగా, సూటిగా వస్తుంది. మధ్యలో ఒక రంధ్రం తెరిచి దాని కిందిది మూస్తే అదే స్వరం ముసుగేసుకున్నట్టు మెత్తగా వస్తుంది. ఏది ఎక్కడ వాడాలన్నది వాయించేవారి వివేకం. రంధ్రాన్ని సగం మూసి స్వరాన్ని మలిచే మన కర్ణాటక వేణువు కళాకారులకు ఈ సంగతి వెంటనే పట్టుబడుతుంది. బోమ్ ఫ్లూట్‌లో స్వరాలన్నీ సమానంగా మోగుతాయి. ఆ సమానత్వం కోసం వదులుకున్నది ఈ రంగుల తేడానే.

గిటారు కూడా చిన్నదే. వియన్నాలో స్టాఫర్, పారిస్‌లో లాకోట్, లండన్‌లో పనోర్మో చేసినవాటికి ఒళ్లు పలచన, నడుము సన్నం. పై మూడు తీగలు పేగుతో చేసినవి, కింది మూడు పట్టుదారం మీద లోహపు తీగ చుట్టినవి. నైలాన్ తీగలు వచ్చింది 1940లలో. ఆ పాత తీగలు మీటగానే చటుక్కున పలికి త్వరగా ఆరిపోతాయి. అందుకే జూలియాని వేగంగా పరిగెత్తించే మంద్రస్వరాలు ఒకదానిమీద ఒకటి పడి గజిబిజి కావు. గోటితో మీటాలా, వేలికొసతోనా అన్న వాదన అప్పుడే ఉంది. గిటారిస్టుల్లో ఫెర్నాండో సోర్ గోరు వద్దన్నాడు, అగువాదో గోటితోనే వాయించాడు. అయినా ఇద్దరూ మిత్రులు. సోర్ ఆ స్నేహం పేరునే ఒక యుగళరచన చేశాడు.

ఈ పాత ఫ్లూట్, పాత గిటారు కలిసినప్పుడు ఎవరూ తగ్గి వాయించనక్కర్లేదు. ఫ్లూట్ నిండుగా ఊదినా గిటారు వినిపిస్తుంది. ముఖ్యంగా జూలియాని సొనాటాలోని స్కెర్ట్‌సో భాగంలో ఇద్దరి మాటకు మాట స్పష్టంగా తెలుస్తుంది.

కష్టం లేదని కాదు. ‘ఏ’ అనే స్వరాన్ని ఆధునిక కచేరీలో 440 హెర్ట్జ్ దగ్గర పెడితే, ఈ వాద్యాలకు చాలామంది 430 దగ్గర శ్రుతి చేస్తారు. గాలిలో తేమ మారితే పేగు తీగ శ్రుతి జారిపోతుంది, భాగానికీ భాగానికీ మధ్య మళ్లీ సరిచూసుకోవాలి. కొత్త కర్ర ఫ్లూట్‌ను మొదట్లో రోజుకు కొన్ని నిమిషాలకు మించి ఊదకూడదు. ఊపిరి తడికి కర్ర ఒక్కసారిగా ఉబ్బితే చీలుతుంది. ఊదిన ప్రతిసారీ లోపల గుడ్డతో తుడవాలి, అప్పుడప్పుడు బాదం నూనె పట్టించాలి.

మ్యూజియంలోని అసలు వాద్యం దొరికితేనే నిజమైన నాదం వస్తుందని కొందరి నమ్మకం. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో డేటన్ మిల్లర్ సేకరించిన దాదాపు 1,700 ఫ్లూట్లున్నాయి. కానీ 200 ఏళ్ల కర్ర ఎండి కుదించుకుపోతుంది, గుండ్రటి గొట్టం కోలగా మారుతుంది, దాంతో శ్రుతీ తప్పుతుంది. అందుకే నేటి తయారీదారులు పాతవాటిని కొలిచి, ఎండకముందు ఆ గొట్టం ఎలా ఉండేదో లెక్కగట్టి కొత్తది చేస్తారు. కచేరీకి అలాంటి నకలే మేలు. జూలియాని వియన్నాలో వాయించినప్పుడు ఈ వాద్యాలు పురాతనమైనవి కావు, అప్పుడప్పుడే దుకాణం నుంచి వచ్చినవి.